రాని పొగ

ఒకటిన్నర టన్ను లాగే బండి నడిపి బతికినవాణ్ని. మిరప బస్తాలు మోశాను, పత్తి బోరాలు మోశాను, ఒకసారి పెళ్లివాళ్ల బీరువాను పెళ్లివాళ్లతో సహా మోశాను. ఏ సరుకైనా దిగాల్సిన చోట దిగిపోయింది. తొమ్మిదేళ్లు దిగనిది ఒక్కటే. పొగ. అది కూడా రాని పొగ. ఏ సైలెన్సరు గొట్టంలోంచీ రాకుండా, నా నోట్లోంచి మాత్రమే వచ్చిన పొగ.

పొగకు బరువేమిటని అడుగుతారేమో. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను.

మొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆదివారం చర్చిలో మోకాళ్లూని, వారం పాపాలన్నీ వరసగా చెప్పుకుంటూ వచ్చి, దీని దగ్గరికి రాగానే గేరు మార్చేసేవాణ్ని. దేవుడికి తెలియదా? తెలుసు. అయినా ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఈ మాత్రం చీకటి చాలు, నోరు తెరవడానికి. పేర్లు మాత్రం మారుస్తాను. ఆ పొగ తగిలిన మనిషిని యాకూబ్ భాయ్ అనుకుందాం. ఒకసారి పేరు చెడగొట్టాను, ఈసారి దాచడమైనా చేతనవుతుందేమో.

అప్పట్లో నేను జూలూరుపాడు వైపు ఒక ఓనరు దగ్గర డ్రైవర్ని. ఆయనకో పికప్ ఉండేది. కంపెనీ చేసి పంపిన బండి ఆయన కంటికి ఆనలేదు. పెద్ద టైర్లు వేయించాడు. వెనక బరువు మోసే కమాన్లకు అదనపు పట్టీలు, ఎత్తు పెంచిన బాడీ, ముందు ఇనుప గార్డు. చివరికి ఓ పాత కారులోంచి తీసిన ఏసీ కూడా. అంతా అయ్యాక అది లారీకి తమ్ముడిలా, జీపుకి మేనమామలా కనబడేది.

ఆ పనంతా చేసింది, పెరిగిన బరువుకు తగ్గట్టు డీజిల్ పంపు మళ్లీ కట్టింది యాకూబ్ భాయ్. రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఆయనది, ఆయన తండ్రి కూడా అక్కడే బండ్ల మిస్త్రీ. బండి షెడ్డులోకి వస్తుండగానే, ఇంకా ఆగకముందే, ఇంజన్ చప్పుడు విని రోగం చెప్పేవాడు. బరువు పెరిగింది కనుక మైలేజీ పడుతుందని, కానీ ఎంత పడినా లీటరుకు పది కిలోమీటర్లకు తగ్గదని, తగ్గితే తననే అడగమని ఓనరుకు మాటిచ్చాడు. ఆ షెడ్డులో ఆయనకున్న పెట్టుబడంతా ఆ మాటే.

ఎండాకాలం వచ్చింది. పది పోయి ఏడు వచ్చింది. ఆ ఏడు చూసి మా ఓనరు ఏడవడమొక్కటే తక్కువ.

ఎందుకు ఏడో నాకొక్కడికే తెలుసు.

అది బీడీలు చుట్టే తునికాకు సీజను. భద్రాచలం దారిలో అడవి లోపలి ఊళ్ల దగ్గర కల్లాలుంటాయి. ఆకు కోసినవాళ్లు కట్టలు తెచ్చి అక్కడ ఎండబెడతారు. ఎండిన ఆకు బస్తాలకెక్కి, బస్తాలు బండికెక్కేసరికి పొద్దు వాలుతుంది. అప్పటిదాకా డ్రైవరుకు పనేమిటి? కూర్చోవడం. ఆ ఎండలో కూర్చోవడం పని కాదని ఎవరన్నారు? ఇనుప బండి కదా, లోపల కూర్చుంటే మనిషి రొట్టెలా కాలుతాడు.

ఏసీ విషయంలో ఓనరు ముందే చెప్పాడు. ఆయన ఎక్కినప్పుడు ఏసీ, నేనొక్కణ్నే ఉన్నప్పుడు కిటికీ. ఒకరోజు, ఐదు నిమిషాలే అనుకుని, ఇంజన్ ఆన్ చేసి అద్దాలెక్కించాను. లేచేసరికి ఆకు ఎక్కించేవాళ్లు తలుపు కొడుతున్నారు. మర్నాడు ఐదు నిమిషాలన్న అబద్ధం కూడా చెప్పుకోలేదు. ఇంజన్ ఎందుకు ఆపలేదని ఎవరైనా అడిగితే బ్యాటరీ వీకు, ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు అనేవాణ్ని. నిజానికి వీకు నేను.

కదలని బండికి కిలోమీటర్లు తిరగవు కానీ డీజిల్ తిరుగుతూనే ఉంటుంది. డీజిల్ తాగే బండ్లున్నాయి, డీజిల్ అమ్ముకునే డ్రైవర్లున్నారు. డీజిల్ కప్పుకుని పడుకున్నవాణ్ని మాత్రం నేనొక్కణ్నే అయ్యుంటాను. ఓ మధ్యాహ్నం కళ్లు తెరిస్తే, ఆకు కట్టల తట్ట దించుకుని ఒక ముసలామె బండి నీడలో చేరబడటం కనిపించింది. నన్ను చల్లబరచడానికి ఏసీ బయటికి తోసిన వేడంతా ఆమె మొహం మీదికే కొడుతోంది. ఆమె లేచి ఎండలోకి జరిగింది. నేను చూశాను. చూసి మళ్లీ కళ్లు మూసుకున్నాను. ఆ పొద్దు నిద్ర పట్టింది కూడా. ఎలా పట్టింది?

ఓనరు మొదట నన్నే అనుమానించాడు, న్యాయంగానే. అమ్ముకుంటున్నావా అని నిలదీశాడు. బైబిల్ మీద చెయ్యేసి, ఒక్క చుక్క కూడా అమ్ముకోలేదని ప్రమాణం చేశాను. ప్రమాణం అక్షరాలా నిజం. నిజాన్ని ఇంత చక్కగా అబద్ధానికి వాడుకోవచ్చని అప్పటిదాకా నాకూ తెలియదు. ఆయన నన్ను నమ్మాడు. నమ్మాక మిగిలింది మిస్త్రీ.

యాకూబ్ భాయ్ బండిని రెండుసార్లు విప్పాడు, మా దగ్గర ఏమీ తీసుకోకుండా. ఫిల్టర్లు చూశాడు, బ్రేకులు పట్టేస్తున్నాయేమో చూశాడు. ఏమీ దొరకలేదు. దొరకదు కదా. రెండోసారి బండి మూసి, బకెట్ బోర్లించుకుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"తమ్మీ, నేను ఇంజన్ ఇని చెప్తున్న. దీనికి ఏ రోగం లేదు. గని బండికి నోరుండదు, డ్రైవరే దాని నోరు. నువ్వు చెప్పు, ఏం జరుగుతంది?"

"ఏమో భాయ్. నడిపేకాడికి మంచిగనే నడుస్తంది."

"ఏసీ ఏమన్న ఏస్తున్నవా?"

"సారు ఎక్కినప్పుడే భాయ్."

ఆయన నా వైపే చూస్తున్నాడు. అనుమానంగా కాదు, డాక్టరు ముందు బిడ్డ గురించి చెప్పే తల్లిని చూసినట్టు. ఆ చూపు నా మీద నుంచి పోవాలి. దాన్ని ఎటైనా మళ్లించాలి. అంతకుమించి ఏమీ ఆలోచించలేదు.

"గుట్ట ఎక్కేటప్పుడు పొగ ఒస్తంది భాయ్."

"నల్లదా, తెల్లదా?"

"నల్లది."

"నాకెందుకు కనవడలే మరి?"

"లోడు మీదనే ఒస్తది. ఖాళీ బండికి రాదు."

"అవ్... లోడు మీదనా." లేచి బానెట్ మీద చెయ్యి వేశాడు. "గట్లయితే పంపు నేను తప్పు కట్టిన. నా చెవుకు అందలే. మంచిగ చెప్పినవ్ బేటా. నువ్వు చెప్పకుంటే నాకు తెల్వకపోవు."

మంచిగా చెప్పానట.

ఆయన పంపు, దానితో పాటు ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నోజిళ్లు విప్పి, ఏ తప్పూ లేనివాటిని సరిచేసి, మళ్లీ బిగించాడు. ఆ 'మంచిగ చెప్పినవ్' నన్ను వదల్లేదు. ఆ రోజు నుంచి ఏసీ ముట్టుకోలేదు. కల్లం దగ్గర చెట్టు కింద తడిగుడ్డ కప్పుకుని కూర్చున్నాను. పాపం ఆపేశాను కదా, ఇక అంతా సర్దుకుంటుందనుకున్నాను.

సర్దుకుంది. ఏడు పోయి మళ్లీ పది వచ్చింది.

మా ఓనరు బండ్ల స్టాండులో పదిమంది ముందు తొడ చరిచి అన్నాడు: "సూసిండ్రా? ఆ మిస్త్రీ నా కొత్త నోజిళ్లు పీకి పాతయి ఏసిండు. నేను గట్టిగ అడిగేసరికి సప్పుడు చెయ్యకుండ మళ్ల నాయి నాకు పెట్టిండు!"

నేను మంచివాణ్నయిన రోజే యాకూబ్ భాయ్ దొంగయ్యాడు. నేను తప్పు చేస్తూనే ఉండుంటే ఆయన మహా అయితే చేతకానివాడయ్యేవాడు. నేను ఆ పదిమందిలో నిలబడే ఉన్నాను. చేతిలో టీ గ్లాసు కూడా ఉంది. ఊదుకుంటూ తాగాను.

మాట మెల్లగా పాకింది. సామాన్లు మార్చే మిస్త్రీ అన్నారు. బండ్లు ఆ షెడ్డు దాటి ముందుకు పోవడం మొదలైంది. ఆయన ఎవరితోనూ వాదించలేదు. ఎలా వాదిస్తాడు? దొంగతనం చెయ్యలేదని తెలుసు, కానీ పంపు దగ్గర తప్పు తనదేనని మనసులో నమ్మేశాడు. రెండో ఏడాదికి షెడ్డుకు తాళం పడింది. ఖమ్మం పోయాడన్నారు.

నేనూ పోయాను, నా దారిన. ఇప్పుడు నాకు సొంత పికప్ ఉంది. మొన్న ఎండాకాలం ఖమ్మంలో మిర్చి దించి, గ్రీజు పెట్టించుకుందామని ఒక షెడ్డుకెళ్లాను. బండి కింద నుంచి గ్రీజు గన్నుతో బయటికొచ్చింది యాకూబ్ భాయ్. గుర్తుపట్టాడు. అమ్మ బాగున్నదా అని అడిగాడు. బాగుందన్నాను. అంతలో ఆ షెడ్డు మిస్త్రీ, పాతికేళ్లు కూడా ఉండవు, ఏదో ఇంజన్ దగ్గర నుంచి పిలిచాడు: "చాచా, జర వచ్చి ఇను, ఎక్కడ కొడ్తందో."

"నన్నడగకు బిడ్డా," అన్నాడాయన. "నా చెవు నమ్మితే ఆగమైతవ్."

షెడ్డు పోయిందని తెలుసు. పేరు పోయిందని తెలుసు. చెవి కూడా పోయిందని అప్పటిదాకా తెలియదు. గ్రీజు పూర్తికాకుండానే వచ్చేశాను.

వారం నిద్రలేదు. ముందు పాత స్టాండుకెళ్లాను, పేరు పోయింది అక్కడే కనుక. మిగిలిన నలుగురైదుగురు పాతవాళ్లకు అంతా చెప్పాను. పగలబడి నవ్వారు. ఓనరుకు ఫోన్ చేశాను. పాత ముచ్చట ఇప్పుడెందుకురా అన్నాడు. తరువాత ఖమ్మం వెళ్లాను.

యాకూబ్ భాయ్‌కి నిలబడే చెప్పాను. ఏసీ సంగతి చెప్పాను. పొగ రాలేదని, ఒక్కనాడూ రాలేదని, పంపు మొదటి నుంచీ సరిగ్గానే ఉందని చెప్పాను. ఆయన అడ్డు రాలేదు. చేతులు తుడుచుకుంటూ విన్నాడు. అయిపోయాక గుడ్డ భుజాన వేసుకుని, నా పక్క నుంచే నడిచి, నడుస్తున్న ఒక ఇంజన్ దగ్గరికెళ్లాడు. తల వంచి కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు.

"రెండో సిలిండరు కొడ్తలేదు," అన్నాడు ఆ కుర్ర మిస్త్రీతో. "తియ్యి దాన్ని."

నా వైపు తిరగలేదు. కాసేపు ఉన్నాను. తిరగలేదు. క్షమించమని అడుగుదామని వెళ్లినవాణ్ని, అడగలేదు. అడిగితే ఆయన చేత ఇంకో పని ఊరికే చేయించుకున్నట్టు కదా.

బయటికొచ్చి బండెక్కాను. నాకు హాయిగా ఉంది. ఉండకూడదేమో. అయినా ఉంది.