ఉలవకట్టె మీద స్పోర్ట్స్ కారు

స్పోర్ట్స్ కారు కొనడం ఖాయం. ఈ వయసులో ఎందుకన్నవాళ్ల నోళ్లు అప్పటికే మూయించాను. తేలనిది ఒక్కటే: మామూలు మోడలా, నేలకు బాగా కిందికుండే టాప్ మోడలా? కదిరి నుంచి నల్లమాడ కాలేజీకి రోజూ నడపాల్సింది దాన్నే.

బస్సులో ఫోనులో ఫొటోలు తిప్పుతుంటే పక్కసీటు పెద్దావిడ తొంగి చూసింది.

"దీంట్లో యాడికి పోతావమ్మా?"

"నల్లమాడ కాలేజీకి, రోజూ. అక్కడ పాఠాలు చెప్తాను."

"ఆ దావలో మేం కాయలతో కోసిన ఉలవకట్టె పరుస్తాం. బండ్లు తొక్కితేనే గింజ రాలేది." సీటు మీద పిడికిలి ఆనించి బొటనవేలు నిలబెట్టింది. "కారు ఇంతెత్తన్నా ఉండాల. లేకుంటే కట్టె కింద చుట్టుకుంటాది."

"రోడ్డుండేది పంట నూర్చడానికా పెద్దమ్మా?"

"మాకు కళ్లం యాడుండాది? మీ కాలేజీ బయలు మాకు ఇప్పీయ్, ఆడ నూర్చుకుంటాం."

ఫోనులో వెతికితే ఆ ఎత్తు మామూలు మోడలుకే ఉంది.

మర్నాడు షోరూములో దానికే సంతకం పెట్టాను. టాప్ మోడలు దర్జా దీనికి రాదని సేల్స్‌మన్ ముఖం చిట్లించాడు. మా రోడ్డు మీద ఒకసారి నడిపి వచ్చి ఆ మాట చెప్పమన్నాను.

ఇప్పుడు కోతల కాలంలో కట్టె మీదుగా నెమ్మదిగా పోనిస్తాను. "ఇంకోతూరి తొక్కించిపో అక్కా" అంటారు కట్టె పరిచిన ఆడవాళ్లు. కాలేజీకి ఆలస్యమవుతుందని వాదిస్తాను. వాదిస్తూనే రివర్స్ గేరు వేస్తాను.