సార్‌కు దొరకని తప్పు

సార్ పోయారని నాకు మా వీడియో ఎడిటర్ల వాట్సాప్ గ్రూపులో తెలిసింది. పొద్దున్నే ఫోన్ తెరిస్తే ఆయన ఫొటో, దాని కింద వరసగా దండాల బొమ్మలు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. నేనూ ఒక దండం పెట్టాను. మిగతావాటి మధ్య అదీ బుద్ధిగా కూర్చుంది. దాన్ని చూస్తే నామీద నాకే రోత పుట్టింది. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

సార్ ఒకప్పుడు నారాయణగూడలో కంప్యూటర్ హార్డ్‌వేర్ నేర్పేవారు. నేను స్క్రూడ్రైవర్ పట్టడం నేర్చుకుంది ఆయన దగ్గరే. ఆ ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక చిక్కడపల్లి సందులో దుకాణానికి చిన్న మడిగె కిరాయికి తీసుకుని కంప్యూటర్లు బిగించి ఇచ్చేవారు. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల పాఠాలను వీడియోలుగా ఎడిట్ చేసుకుని బతికే మావాళ్లలో చాలామంది ఆయన బిగించిన మిషన్ల మీదే పని చేస్తున్నారు.

కంప్యూటర్‌లో బొమ్మను నడిపే గ్రాఫిక్స్ కార్డులు, ఇప్పటి గట్టివి, ఇటుకల్లా ఉంటాయి. మేము పని చేసేవి అగ్గిపెట్టె గదులు, వాటిలో పెట్టుకునేవి చిన్న క్యాబినెట్లు. బలం తగ్గకుండా పొట్టిగా, పల్చగా ఉండే కార్డు వెతికి తేవాలి. తెచ్చేముందు సార్ బిస్కెట్ల అట్టపెట్టె కత్తిరించి, ఆ కార్డు పొడవు, వెడల్పు, మందం సరిగ్గా కొలిచి డబ్బాలా మడిచేవారు. దాన్ని క్యాబినెట్‌లో కూర్చోబెట్టి తలుపు వేసి చూసేవారు. తలుపు కొంచెం ఉబ్బినా ఆ కార్డు వద్దనేవారు. మేం నవ్వేవాళ్లం. బజారులో మిగతావాళ్లు ఏం చేస్తారో మీకు తెలుసా? గాలి ఆడే ఫ్యానొకటి పీకేసి, కార్డును లోపలికి కుక్కి, తలుపును మోకాలితో నొక్కి స్క్రూ బిగిస్తారు. ఎండాకాలంలో అది కాలిపోతే కంపెనీని తిట్టమంటారు. అలాంటి పని చూస్తే సార్ మొహం కుళ్లిన కోడిగుడ్డు వాసన చూసినట్టు అయ్యేది.

ఇంకో రోత ఆయనకు, సాగదీసిన బొమ్మ. నారాయణగూడ చౌరస్తా దగ్గర హోటల్లో చాయ్ తాగడానికి వెళ్తే గోడమీద టీవీలో మనుషులు అడ్డంగా ఉబ్బి కనిపించేవారు. సార్ చాయ్ పక్కన పెట్టి కౌంటర్ దగ్గర రిమోట్ అడిగేవారు. మనుషులను మనుషుల్లా చేసి వచ్చి, చల్లారిన చాయ్ తాగేవారు. ఆయన పోయిన మూడోనాడు మా గ్రూపువాళ్లు సందు మొదట్లో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టారు. ఖాళీ మిగలకుండా ఆయన మొహాన్నే అడ్డంగా లాగి నింపారు. బొమ్మలే మా వృత్తి. అందులో ఒక్కడికీ అది తప్పుగా కనిపించలేదు. నేను చూశాను, చూసి ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు కొత్త కాదు.

వైర్ల గురించి సార్ ఒక మాట అనేవారు: "మూతి ఒక్కటే, కడుపులు వేరు." కంప్యూటర్ నుంచి తెరకు బొమ్మను మోసే హెచ్‌డీఎంఐ వైరు పాతదైనా కొత్తదైనా మూతి ఒకేలా ఉంటుంది, ఎక్కడైనా పడుతుంది. లోపల సత్తా లేకపోతే పెద్ద మానిటర్‌కు కావలసినంత బొమ్మను మోయలేక మధ్యలో చేతులెత్తేస్తుంది. పైన బంగారు పూత, ఇంతింత అంకెలు అచ్చేసి అమ్మే చెత్త వైర్లంటే ఆయనకు కంపరం. తెర నల్లబడితే ఏం చేయాలో కూడా అప్పట్లోనే నేర్పారు: "ముందు వైరును చూడు, తర్వాత మనిషిని చూడు, ఆఖరికి కార్డును చూడు."

నా కార్డు కోసం సార్ నెలరోజులు తిరిగారు. అట్ట డబ్బాలు నాలుగు మార్చారు. చివరికి పొట్టి కార్డు, దానికి సరిపడే వైరు తానే చూసి ఇచ్చారు. నేనేం చేశాను? క్రికెట్ మొదలవగానే ఆ వైరు పీకి, అంబర్‌పేట్‌లో మా ఇంటి టీవీకి పెట్టుకున్నాను. గదిలో మిషన్‌కు ఫుట్‌పాత్ మీద దొరికిన వైరు తగిలించాను. చూడ్డానికి రెండూ ఒకటే నలుపు.

వారం తిరక్కుండా తెర నల్లబడడం మొదలైంది. ఒక్క క్షణం చీకటి, మళ్లీ బొమ్మ. అవతల పాఠాలు ఇవ్వాల్సిన గడువు మీద పడుతోంది. కోపం పట్టలేక, సార్ కూడా ఉన్న ఆ గ్రూపులోనే రాశాను, సార్ ఎక్కడో వాడి అరగ్గొట్టిన కార్డును కొత్త డబ్బాలో పెట్టి అంటగట్టారని. నిజం కనుక్కోకుండా మావాళ్లు తలా ఒకటి అన్నారు. చిక్కడపల్లి పోవడం దండగని ఒకడు రాస్తే, నేను దానికి బొటనవేలు ఎత్తాను.

సార్ గ్రూపులో ఏమీ అనలేదు. తప్పు తెరలో ఉందేమో చూద్దామని మర్నాడే తన మానిటర్‌ను స్కూటర్ మీద కట్టుకుని వచ్చారు. మెట్లెక్కి ఆయాసపడుతూ ఒకటే అడిగారు.

"నేనిచ్చిన వైరేనా గిది?"

"అదే సార్," అన్నాను.

ఫుట్‌పాత్ వైరు కొన్నానని ఆయన శిష్యుణ్నై ఉండి చెప్పుకోలేకపోయాను. అంతకంటే పెద్ద కారణమేమీ లేదు. సార్ వైరును చూడలేదు, మనిషినీ చూడలేదు. నా మాట నమ్మి, తన మానిటర్ కూడా నల్లబడగానే నేరుగా కార్డు విప్పారు. మడిగెకు తీసుకెళ్లి రెండు రోజులు నడిపి చూస్తే దానికేమీ కాలేదు. తెచ్చి పెట్టగానే మళ్లీ నల్లబడింది. అలా మూడుసార్లు మోశారు.

క్రికెట్ అయిపోయాక ఆ వైరు తెచ్చి పెట్టాను. ఆ క్షణం నుంచి ఈ రోజు దాకా తెర ఒక్కసారి నల్లబడలేదు. తప్పు ఫుట్‌పాత్ వైరుదని నాకు అప్పుడే అర్థమైంది. ఆ సాయంత్రమే సార్ ఫోన్ చేసి బొమ్మ ఎట్లుందని అడిగారు. మీ చెయ్యి పడ్డాక బాగైంది సార్ అన్నాను. "నేనేం చెయ్యలేదు గదరా," అన్నారు. ఫోన్ పెట్టేశారు.

ఆయన పోయాక ఈ సంగతంతా గ్రూపులో రాశాను. దాని కింద కూడా దండాలే వచ్చాయి. ఎవరూ చదవలేదు. ఒకడు మాత్రం, సార్ మడిగెలో మిగిలిన సామాను అగ్గువకు ఇస్తారేమో కనుక్కో అన్నా, అని రాశాడు. వాణ్ని తిట్టబోయి ఆగాను. తిట్టే అర్హత ఉన్నవాడు చేసే పనులా నావి?

పదకొండో రోజు దాటాక గాంధీనగర్‌లో సార్ ఇంటికి వెళ్లాను. సార్ భార్య తలుపు తీశారు. నేను ఫలానా అని చెప్పగానే గుర్తుపట్టారు.

"గా పొట్టి కార్డు నీదే గదా బిడ్డా," అన్నారు. "దాని తప్పేందో దొరకలేదని మస్తు పరేషాన్ అయిండు సారు. తినుకుంట గూడ గదే ముచ్చట. 'నా చూపు పోయిందే, ఇగ ఒకరి మిషన్ల చెయ్యి పెట్టద్దు' అన్నడు. అటెంకల ప్రింటర్లల్ల ఇంకు పోసుడే, కొత్తది ఒక్కటి బిగియ్యలే."

ఆ సంగతి నాకు తెలియదు. ఆ ఫోన్ తర్వాత ఆయన దగ్గరికి పోవడం మానేశానుగా, ఎలా తెలుస్తుంది? చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, ఆగితే మళ్లీ చెప్పలేనన్న భయంతో, వైరు సంగతి, అబద్ధం సంగతి, గ్రూపులో రాసింది మొత్తం చెప్పేశాను. తప్పు కార్డులో లేదనీ, సార్ చూపు చివరిదాకా సరిగ్గానే ఉందనీ చెప్పాను. ఆమె ఏడవలేదు. తిట్టలేదు. తిడితే బాగుండు అనుకున్నాను.

"ఫోన్ చేసిననాడు గీ ఒక్క ముక్క చెప్తే ఏమైతుండె బిడ్డా?" అని అడిగారు. నిజంగా తెలుసుకోవాలనే అడిగారు.

దారంతా ఎన్నో జవాబులు కట్టుకుని వచ్చాను. ఈ ప్రశ్నకు పనికొచ్చేది వాటిలో లేదు. ఆమె నా మొహం వైపు చూసి, లేచి ఫ్యాను జోరు పెంచారు. "చెమటలు కారుతున్నయి నీకు. జర గాలికి కూసో," అన్నారు.