తలుపు తట్టే గాలి

చలి ఎక్కువుండే గంగాలిన్‌లో ఇళ్ళు వెచ్చగా బిగించే పనికి ఏ ఇంటికి వెళ్ళినా గియాసుద్దీన్ ముందే అటక ఎక్కేయడు. జేబులోంచి అగరుబత్తి తీసి వెలిగిస్తాడు. సీలింగ్ కింద దాన్ని నెమ్మదిగా తిప్పుతూ, పొగ ఎటు లాగితే అక్కడ సందు ఉందని పెన్సిల్‌తో గుర్తు పెడతాడు. ఆ తర్వాతే పైకి పాకి, సందులన్నీ సీలెంట్‌తో మూసి, చలిని ఆపే దూది పరుపుల్లాంటి ఇన్సులేషన్ పరుస్తాడు. దిగేసరికి దుమ్ముతో కనుబొమలు నెరిసి, ఉన్నపళంగా ముసలివాడైపోయి ఉంటాడు. కిందటి వారం కౌసల్య ఆంటీ ఇల్లు అలాగే బిగించి వచ్చాడు. భర్త పోయాక ఆవిడ ఒక్కతే ఉంటోంది. నిన్న ఫోన్ చేసింది.

"పని బాలేదా ఆంటీ?"

"ఇల్లు వెచ్చగానే ఉంది బాబూ. సాయంత్రం గాలి లేస్తే ఆయన గది తలుపు కొట్టుకునేది. వచ్చారనుకుని కాఫీ పెట్టేదాన్ని. ఇప్పుడు రావట్లేదు."

గియాసుద్దీన్ ఈ సాయంత్రం వెళ్ళి, ఆ గది సీలింగ్‌లో తను మూసిన సందును తనే గీకి తెరిచాడు. నిచ్చెన దిగి అగరుబత్తి వెలిగించాడు. పొగ సందువైపు సాగింది. కాసేపటికి తలుపు టకటకమంది. వంటింట్లో స్టవ్ వెలిగిన చప్పుడైంది. ఆ గది గుమ్మానికి అడ్డంగా నిలబడ్డ గియాసుద్దీన్, తనకు తెలియకుండానే పక్కకు జరిగి దారి ఇచ్చాడు.