గడప ఇవతల నిలబడి నేర్చుకున్న పని

మొన్న సాయంత్రం మా పాపను డాన్స్ క్లాస్ నుంచి తీసుకొస్తున్నాను. అరిజోనాలో మేముండే చాండ్లర్‌లో ఒక సిగ్నల్ దగ్గర ఆగితే, పక్క లేన్‌లో కారు అద్దం దించి ఉంది. అందులోంచి గుప్పుమని గంజాయి వాసన. వెనక సీట్లో మా పాప ముక్కు మూసుకుని, "డాడీ, స్కంక్! విండో క్లోజ్ చెయ్యి" అంది. స్కంక్ అంటే ఇక్కడ ఘాటుగా కంపు కొట్టే ఒక జంతువు. నేను అద్దం మూయలేదు. పచ్చ లైటు పడి, వెనక కారువాడు హారన్ కొట్టేదాకా అలాగే కూర్చున్నాను. ఈ ఊళ్ళో ఆ వాసన కొత్త కాదు. మావాళ్ళు మొహం చిట్లించుకుని, కాలం ఎలా పాడైపోయిందో మాట్లాడుకుంటారు. నాకు మాత్రం బట్టలుతికే ఒక చిన్న గది గుర్తొస్తుంది. అక్కడ ఈ వాసన సబ్బుపొడి వాసనతో కలిసి ఉండేది. తెల్లటి దీపం కింద నడుం వంచి నిలబడ్డ సత్యమూర్తి గారు గుర్తొస్తారు. ఆయన్ని ఎరగనివాళ్ళకు ఆ మనిషి గురించి చెప్పాలని ఎప్పట్నుంచో ఉంది.

చిప్‌లు తయారుచేసే కంపెనీలో ఆయన నా మొదటి మేనేజర్. గుంటూరు వైపు మనిషి. నుదుటి మీద సన్నటి విభూతి రేఖ. మీటింగ్‌లో గొంతు పెంచడం నేను చూడలేదు గానీ, పని మొదలుపెట్టేముందు ఆయన అడిగే ఒక్క ప్రశ్నకు అందరం హడలిపోయేవాళ్ళం. "బాగానే ఉందయ్యా. ఇది చెడితే ఏం చేస్తావో చెప్పు, తర్వాత మొదలుపెట్టు." హనుమకొండ నుంచి కొత్తగా వచ్చిన నాకు అది చాదస్తంగా తోచేది. చెడకముందే చెడడం గురించి మాట్లాడటమేంటని లోలోపల విసుక్కునేవాణ్ణి. ఒకసారి ధైర్యం చేసి, "చెడదు సార్, అన్నీ చెక్ చేసిన" అన్నాను. ఆయన నవ్వి, "చెడనిదాని గురించి నాకెందుకు చెప్పడం? చెడేదాని గురించి చెప్పు" అన్నారు. నాకు ఉద్యోగం చేయడం వచ్చిందంటే ఆయన దగ్గరే వచ్చింది. ఆయన రిటైరయ్యాక కూడా ఆదివారాలు వాళ్ళింటికి వెళ్ళేవాణ్ణి. ఆయన భార్య సుభద్ర ఆంటీ పెసరట్లు పోసి, వద్దంటున్నా పళ్ళెంలో వేసేది.

ఆ ఆంటీకే క్యాన్సర్ వచ్చింది. కీమో మొదలయ్యాక అన్నం వాసన పడేది కాదు. మజ్జిగ కూడా కడుపులో నిలిచేది కాదు. వాంతి తగ్గే మాత్రలన్నీ అయ్యాయి. చివరికి డాక్టరే గంజాయి వాడి చూడమన్నాడట. జీవితంలో బీరు కూడా ముట్టని సత్యమూర్తి గారు, లైసెన్సుతో గంజాయి అమ్మే దుకాణానికి వెళ్ళి, తెచ్చిన పొట్లాన్ని గుడి ప్రసాదం సంచీలో దాచి ఇంటికి తెచ్చారు. ఆంటీకి రెండు మూడు రకాలు పడలేదు, తల తిరిగి ఇంకా నీరసపడింది. ఒక్క రకం పడింది. అది దుకాణంలో దొరకడం మానేసింది. ఆస్పత్రిలో పరిచయమైన ఒక ముసలాయన అదే రకం మొక్కను ఇంట్లో పెంచుతున్నాడని తెలిసి, ఒక పిల్ల మొక్క అడిగి తెచ్చుకున్నారు. అరిజోనాలో పెద్దవాళ్ళు తాళం వేసే గదిలో కొన్ని మొక్కలు పెంచుకోవచ్చు. నాకు తప్ప తెలిసినవాళ్ళెవరికీ చెప్పలేదు. మనవాళ్ళలో గంజాయి అన్న మాట బయటికొస్తే ఇంకేం మిగలదు. ఆంటీ దాన్ని మందు చెట్టు అనేది.

ఆ రకం దుకాణంలో దొరికినప్పటి నుంచీ ఆయన దాని పూలను నేతిలో సన్న సెగ మీద కాచి, వడగట్టి, సీసాలో పోసేవారు. చారన్నంలో ఆ నెయ్యి కొంచెం కలిపి పెట్టిన మొదటి రోజుల్లో ఒకసారి నేను అక్కడే ఉన్నాను. తిన్న కాసేపటికి ఆంటీ కళ్ళు తెరిచి, "ఇంకొంచెం చారు పోస్తారా?" అంది. ఆయన చారు తేవడానికి వెళ్ళి, ఫ్రిజ్ తలుపు తెరిచి, అందులో తల పెట్టి చాలాసేపు నిలబడ్డారు.

ఆ మొక్కతో చిక్కు ఏమిటంటే, పూత కోశాక దాని పని అయిపోతుంది. విత్తనం వేస్తే అదే రకం వస్తుందన్న నమ్మకం లేదు. "విత్తనం వేస్తే బిడ్డ పుడుతుంది. కొమ్మ నాటితే అదే మొక్క మళ్ళీ వస్తుంది. మాకు అదే కావాలి" అన్నారాయన. అందుకని తల్లి మొక్కను పూతకు వదిలేముందు దాని కొమ్మలు తీసి వేళ్ళు పట్టించుకోవాలి. ఆ పని నాకు చూపిస్తానంటే ఉత్సాహంగా ఆ బట్టలుతికే గదిలోకి అడుగు పెట్టబోయాను. చెయ్యి అడ్డం పెట్టారు.

"నువ్వు గడప ఇవతలే. లోపలికి రాకు, దేన్నీ ముట్టుకోకు."

"ఇక్కడ లీగలే కద సార్?"

"స్టేట్‌కి లీగల్. ఫెడరల్‌కి కాదు. నేను సిటిజన్ని, నాకు ఫరవాలేదు. నువ్వు హెచ్-వన్ వీసా మీద ఉన్నావు. ఇమిగ్రేషన్ వాళ్ళు చూసేది ఫెడరల్ లానే. రేపు గ్రీన్ కార్డ్ ఇంటర్వ్యూలో ఎప్పుడైనా ముట్టుకున్నావా అని అడిగితే, లేదని నిజంగా చెప్పగలగాలి."

అలా గడప ఇవతల నిలబడి నేర్చుకున్నాను. కొత్తవాళ్ళకు మెషీన్ చూపించినట్టే, చేస్తున్నది పైకి చెబుతూ చేసేవారు. మొక్క జోరుగా పెరుగుతున్నప్పుడే తీయాలి, పూత మొదలయ్యాక తీస్తే వేరు రావడం కష్టం. కొన్ని రోజుల ముందు నుంచి ఎరువు తగ్గించాలి, ఆకు బలం మీద ఉంటే వేరు మీద ధ్యాస ఉండదు. పొద్దున్నే తీయాలి. అడుగు కొమ్మల్లో జానెడు కన్నా తక్కువ పొడవున్నది, రెండు మూడు కణుపులున్నది ఎంచుకోవాలి. స్పిరిట్‌తో తుడిచిన బ్లేడుతో కణుపు కింద ఏటవాలుగా ఒక్క కోత. వెంటనే నీళ్ళలో పెట్టాలి, లేకపోతే కాడలోకి గాలి దూరుతుంది. కింది ఆకులు తీసేసి, పై ఆకుల కొసలు సగానికి కత్తిరించి, కాడను వేళ్ళు పట్టించే రూటింగ్ పౌడర్‌లో అద్ది, తడి చేసి పిండిన పీట్ అనే నాచుమట్టి ముద్దలో గుచ్చాలి. పైన మూత. దుకాణంలో మూతలు దొరుకుతాయి గానీ, ఆయన కాజూ కత్లీ డబ్బాల ప్లాస్టిక్ మూతలు బోర్లించేవారు. లోపల ఆవిరి పట్టి ఉండాలి, వెలుతురు మెత్తగా ఉండాలి, గది వెచ్చగా ఉండాలి. రోజూ కాసేపు మూత ఎత్తి గాలి తగలనివ్వాలి. ముద్ద ఎండిపోబోతున్నప్పుడు తప్ప నీళ్ళు పోయకూడదు. పది పన్నెండు రోజులకు వేళ్ళు కనబడతాయి. అప్పటిదాకా లాగి చూడకూడదు. "ఎలా తెలుస్తది సార్ మరి?" అంటే, "తెలియదు. ఆగాలి" అన్నారు.

ఆ కొమ్మలన్నీ నిగనిగలాడుతూ నిలబడ్డాయి. ఆ ధైర్యంతో తల్లి మొక్కకు రోజూ పన్నెండు గంటల చీకటి ఇవ్వడం మొదలుపెట్టారు. చీకటి పెరిగితే అది పూతకు వస్తుంది. ఇటు మందుకు పూత, అటు ముందుచూపుకు కొమ్మలు. ఇది చెడితే ఏం చేయాలో ఆయన దగ్గర జవాబు ఉంది.

సరిగ్గా అప్పుడే గరాజ్‌లో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్, కట్టు, మగతగా పడుకోబెట్టే మాత్రలు. టెక్సాస్‌లోని ఫ్రిస్కో నుంచి కూతురు వచ్చి రెండు రోజులుండి, ఉద్యోగం ఊరుకోక వెళ్ళిపోయింది. ఆ వారం ఆయన ఆ గదిలోకి వెళ్ళలేదు. ఆ శనివారం నేను దోసకాయ పప్పు తీసుకుని వెళ్ళేసరికి ఆయన లేచి, ఎడమ చేత్తో ఒక్కొక్క మూతా ఎత్తి చూస్తున్నారు. కొమ్మలన్నీ మొదళ్ళ దగ్గర నల్లగా కుళ్ళి వాలిపోయాయి. ముద్దలు నీళ్ళోడుతున్నాయి.

ఆంటీ గోడ పట్టుకుని వచ్చి నా పక్కన నిలబడింది. ఒంట్లో కాస్త ఓపిక వచ్చిన రోజులవి. పొద్దున్నే స్నానం చేసి, పెరట్లో తులసికోటలో చెంబుతో నీళ్ళు పోసి, మిగిలిన నీళ్ళు తెచ్చి వీటికి పోసిందట. రోజూ.

"తులసమ్మకు పోసిన చేత్తోనే పోశానండీ. బతకాలని దణ్ణం పెట్టుకుని మరీ పోశాను."

ఆయన వెంటనే, "మంచిపనే చేశావు సుభద్రా. నీళ్ళు కాస్త ఎక్కువయ్యాయి, అంతే" అన్నారు. ఆంటీ మొహం చూడలేక నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

వెనకే ఆయనా వచ్చి కుర్చీలో కూలబడ్డారు. తల్లి మొక్కకు పూత అప్పుడే మొదలైంది. ఈ ఒకటి రెండు రోజుల్లో తీస్తే కొమ్మలు ఇంకా బతికే అవకాశం కొంచెం ఉంది. ఆ తర్వాత లేదు. ఆ మొక్క ఇచ్చిన ముసలాయన అప్పటికే చనిపోయాడు. ఎడమ చేత్తో కాడ పట్టుకుని, అదే చేత్తో కోయడం అయ్యే పని కాదు.

"సార్, నేను కోస్త. పది నిమిషాల పని."

"వద్దు."

"ఎవరు చూస్తరు సార్? మీరు, నేను, ఆంటీ. ఎవరికి తెలుస్తది?"

"నీకు తెలుస్తుంది. వచ్చే నెల నీ ఇంటర్వ్యూ. ప్రమాణం చేసి చెప్పాలి. అబద్ధం చెబుతావా?"

"చెప్త."

"నా ఇంటి కోసం నువ్వు చెప్పకూడదయ్యా. పదకొండేళ్ళు లైన్లో నిలబడ్డావు. మీ పాప ఇక్కడే పుట్టింది."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆంటీ తిండి కన్నా నా గ్రీన్ కార్డ్ ఎక్కువా సార్?" అని అరిచాను. ఆయన మీద నేను గొంతు పెంచింది ఆ ఒక్కసారే. ఆయన కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని నేల చూస్తూ కూర్చున్నారు. ఆయన్ని అలా చూస్తుంటే ఎంత వదులుకుంటున్నారో నాకు అర్థమైంది. అర్థమైనకొద్దీ కోపం ఇంకా పెరిగింది.

గదిలోంచి ఆంటీ గొంతు వినబడింది. "నేను కోస్తాను. కుర్చీ ఒకటి ఇటు వేయండి."

కీమో వల్ల ఆంటీ వేళ్ళకు స్పర్శ సరిగా తెలిసేది కాదు. కాఫీ గ్లాసు జారిపోతుండేది. మొక్క ముందు కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన ఎడమ చేత్తో నీళ్ళ గ్లాసు పట్టుకున్నారు. నేను గడప ఇవతల నిలబడి చెప్పాను. ఆయన మధ్యలో కల్పించుకోలేదు.

"ఇక్కడేనా నాయనా?"

"ఇంకొంచెం కిందకి ఆంటీ. ఆ కణుపు కింద. బ్లేడు ఏటవాలుగా."

"చెయ్యి వణుకుతోంది."

"వణకనీయండి ఆంటీ. ఒక్కసారే కోయండి, రెండోసారి వద్దు."

కొన్ని కోతలు నలిగిపోయాయి. కొన్ని బాగానే పడ్డాయి. మధ్యలో ఆయాసపడి ఆగి, "ఇదంతా నా తిండి కోసమే కదా" అని ఏడ్చింది. ఆయన గ్లాసు కింద పెట్టి, ఎడమ చేత్తోనే ఆమె మొహం తుడిచి, మళ్ళీ గ్లాసు అందుకున్నారు. బయటికొచ్చేటప్పుడు నాకు గుర్తొచ్చి, "సార్, ఇవి కూడా చెడితే?" అన్నాను. ఆయన నా వంక చూసి తల అడ్డంగా ఊపారు.

ఒక్కటి బతికింది. పూతలోంచి మళ్ళీ పెరుగుదలకు తిరగాలి గనుక చాలా రోజులు కదలకుండా ఉండి, తర్వాత అయిదారు రేకుల ఆకులకు బదులు ఒంటి రేకు ఆకులు వేసింది. ఆంటీ చూసి, "ఇదేంటి, దీని మొహం ఇలా ఉంది?" అని నవ్వింది. అప్పటికే మంచం హాల్లో వేశారు. ఇక మందులేమీ లేవని, నొప్పి తెలియకుండా చూసుకోవడమేనని డాక్టర్ చెప్పేశాడు. తల్లి మొక్క పూతతో కాచిన నెయ్యి సీసాలో సగం ఉండగానే ఆంటీ పోయింది. ఎందుకింత ఆరాటపడ్డామో అని నాకు చాలాకాలం ఏడుపొచ్చేది.

తర్వాత కూడా ఆయన ఆ మొక్కను పెంచుతూనే ఉన్నారు. దానితో ఇక పనిలేదు, అయినా సుభద్ర కోసింది కదా అనేవారు. నా ఇంటర్వ్యూ అయింది, అడిగినవన్నీ నిజమే చెప్పాను, కార్డు వచ్చింది. కూతురు ఆయన్ని ఫ్రిస్కో తీసుకెళ్ళిపోతానంది. టెక్సాస్‌లో ఆ మొక్క నేరం. "నాకివ్వండి సార్, నేను పెంచుకుంట" అన్నాను. "కార్డు ఉన్నా అంతే. సిటిజన్‌షిప్ వచ్చాక అడుగు" అని, నయమైన కుడి చేత్తో దాన్ని మొదలంటా కోసి, చిన్న చిన్న ముక్కలు చేసి, చెత్త సంచీలో వేసి ముడి వేశారు. సాయం చేయబోతే వద్దన్నారు.

ఇప్పుడు నా కింద పదిమంది పనిచేస్తున్నారు. వాళ్ళలో ఎవరినైనా ఒక పని అడగబోయేముందు, నా కోసం చేస్తే వాళ్ళకేం పోతుందా అని ఒక్క క్షణం ఆగుతాను. ఎప్పుడూ ఆగుతానని చెప్పలేను, డెడ్‌లైన్ మీద పడితే మరిచిపోతాను. మరిచిపోయిన రోజు నిద్ర పట్టదు. అంత అవసరంలో ఉండి కూడా నన్ను వద్దన్న మనిషిని నేను కళ్ళారా చూశాను, ఆ బరువు దిగదు.

ఈ మధ్యే నాకు సిటిజన్‌షిప్ వచ్చింది. ప్రమాణం చేసి హాల్లోంచి బయటికి రాగానే ఆయనకే ఫోన్ చేశాను. కూతురు ఎత్తింది. నాన్నగారికి ఏడాదిగా మతిమరుపు బాగా ఎక్కువైందని, కొన్నిసార్లు తననే గుర్తుపట్టడం లేదని చెప్పి, ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టింది.

"సార్, నేను శ్రీకాంత్‌ని. నాకు సిటిజన్‌షిప్ వచ్చింది."

కూతురు పక్కనుంచి నా పేరు ఇంకోసారి చెప్పింది.

"వచ్చిందా? అయితే ఇంక భయం లేదు కదా?"

"లేదు సార్."

"తొందరగా రావయ్యా మరి. నువ్వే కోయాలి. ఆవిడ పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు."

"వస్తున్న సార్" అన్నాను.