ఖాళీ రిపోర్టు పక్క నంబరు

2001 జూన్. సికింద్రాబాద్ క్లాక్ టవర్ దగ్గర ఒక మేడ మీద రెండు గదుల్లో ఉండేది మా కంపెనీ. కంపెనీ అంటే నలుగురం. ఆ రోజుల్లో ఊరంతా సాఫ్ట్‌వేర్ మాటే. మల్కాజ్‌గిరిలో నాతో గది పంచుకున్న ఇద్దరమ్మాయిలూ జావా నేర్చుకుని మాదాపూర్ వైపు పెద్ద ఆఫీసుల్లో చేరిపోయారు. శ్రీకాకుళం నుంచి వచ్చిన నేను మాత్రం పాతబడిపోతున్న ఫాక్స్‌ప్రో భాష పట్టుకుని ఉండిపోయాను. నర్సింగ్ హోములకు, స్కూళ్లకు, ల్యాబులకు ఫాక్స్‌ప్రోలో ప్రోగ్రాములు రాసివ్వడం, అవి మొరాయిస్తే వెళ్లి చూడడం మా పని. వెళ్లిన ప్రతిసారీ కాల్ షీట్ అనే కాగితం మీద ఏం తప్పు కనిపించిందో రాసి, సంతకం చేసి, ఒక కాపీ కస్టమర్‌కి ఇవ్వాలి.

పద్మారావు నగర్‌లో డాక్టర్ మూర్తి గారి రక్తపరీక్షల ల్యాబ్‌కి ప్రోగ్రాం రాసింది నేనే. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది రాశాను. మూడు కంప్యూటర్లు, మధ్యలో నల్లటి నెట్‌వర్క్ కేబుల్. కౌంటర్‌లో పేషెంట్ పేరు ఎక్కించి నంబరు ఇస్తారు. లోపలి గదిలో స్వరూప గారు ఆ నంబరు కొట్టి పరీక్ష ఫలితాలు ఎక్కిస్తారు. మూడో కంప్యూటర్‌లో సాయంత్రానికి రిపోర్టులన్నీ వరసగా ప్రింట్ అవుతాయి. డాక్టర్ గారు సంతకం చేస్తారు.

ఏప్రిల్‌లో మొదటి ఫిర్యాదు వచ్చింది. అప్పుడప్పుడూ ఒక రిపోర్టు ఖాళీగా వస్తోందట. పేరు ఉంటుంది, నంబరు ఉంటుంది, ఫలితాలుండవు. మళ్లీ ఎక్కించినా ఖాళీయే. మర్నాడు ఎక్కిస్తే సవ్యంగా వస్తుంది. నేను మర్నాడు వెళ్లేదాన్ని కాబట్టి నాకు అంతా సవ్యంగానే కనిపించేది. అలా మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ కాల్ షీట్‌లో ఒకే మాట రాశాను: యూజర్ ఎర్రర్. అంటే వాడేవాళ్ల పొరపాటు. స్వరూప గారు టైపు చేయడం మరిచిపోయి ఉంటారని నా లెక్క.

నాలుగోసారి వెళ్లేసరికి డాక్టర్ గారు నన్ను గదిలోకి పిలిచారు.

"నీ కాగితాలు చూశానమ్మా. స్వరూప ఎనిమిదేళ్లుగా ఇక్కడుంది, మంచి మనిషే. కానీ ల్యాబ్‌లో మతిమరుపు పనికిరాదు. ఒకటో తారీఖు నుంచి వేరే అమ్మాయిని పెడుతున్నాను. కొత్తమ్మాయికి కొంచెం నేర్పించాలి నువ్వు."

తలూపి బయటికి వచ్చాను. తలుపు పక్కనే స్వరూప గారు నిలబడి ఉన్నారు. నాకంటే పదేళ్లు పెద్ద. చిలకలగూడలో టైపు నేర్చుకున్న మనిషి, కీబోర్డు వైపు చూడకుండా కొడతారు.

"మూడుసార్లొచ్చిన్రు మేడం. ఒక్కసారన్న నన్నడిగిన్రా, ఏమైందని?" అన్నారు. గొంతు పెంచలేదు. "మిషినును అడిగిన్రు. నన్నడగలే."

ఆవిడ సొరుగులోంచి పొడుగాటి రిజిస్టర్ తీశారు. కంప్యూటర్‌లో ఎక్కించే ముందు ప్రతి ఫలితాన్నీ అందులో చేత్తో రాసుకుంటారట. అవసరం లేదని డాక్టర్ గారు చెప్పినా మానలేదట. ఖాళీగా వచ్చిన నంబర్ల చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టారు.

"గివి చూడుండ్రి. ఖాళీగొచ్చిన ప్రతి దినం, కౌంటర్ల కంప్యూటర్ ఒకసారన్న బంద్ పడ్డది. అది బంద్ పడనినాడు నాకు సుత ఏ తక్లీఫ్ లేదు. నాది మతిమరుపైతే, అది పక్కగదిల కంప్యూటర్ని చూసుకుంట వస్తదా?"

అంత సూటి ప్రశ్న నన్ను ఏ ఇంటర్వ్యూలోనూ ఎవరూ అడగలేదు.

ఆ రోజు వేరే కాల్స్ మానుకుని ఆవిడ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పదకొండింటికి కౌంటర్‌లో కంప్యూటర్ బిగుసుకుపోయింది. అక్కడ కేబుల్ గోడవారగా వదులుగా ఉంది, కుర్చీ జరిగినప్పుడల్లా కదులుతోంది. కౌంటర్‌లో ఉన్నాయన అలవాటుగా స్విచ్ ఆపి మళ్లీ వేశాడు. అప్పుడే ఎక్కించిన నంబరు 612.

కౌంటర్ మళ్లీ నడిచి 613 కూడా ఇచ్చాక, స్వరూప గారు 612 ఫలితాలు ఎక్కించారు. నా కళ్లముందే ఎక్కించారు. మూడో కంప్యూటర్‌లో 612 వరకూ ప్రింటు తీసి చూస్తే 612 ఖాళీ.

ఇక్కడ ఒక్క విషయం చెప్పాలి. డేటాబేస్‌లో రికార్డులు ఒక ఫైల్లో ఉంటాయి. ఏ నంబరు ఎక్కడుందో చెప్పే ఇండెక్స్ వేరే ఫైల్లో ఉంటుంది, పుస్తకం వెనక ఉండే పదసూచిక లాంటిది. కౌంటర్ కంప్యూటర్ మధ్యలో ఆగిపోవడంతో 612 రికార్డు ఫైల్లో చేరింది గానీ ఇండెక్స్‌లో ఎక్కలేదు. ప్రింటు వరసగా తీస్తాం కాబట్టి 612 పేరు వస్తుంది. నంబరుతో వెతికితే మాత్రం దొరకదు. రోజూ పొద్దున్నే మొదటిసారి ప్రోగ్రాం తెరిచినప్పుడు మాత్రం ఇండెక్స్ కొత్తగా కట్టుకునేలా నేనే ఏర్పాటు చేశాను. అందుకే మర్నాటికి అంతా సవ్యం.

ఇంతవరకూ సరే. మరి ఆవిడ కొట్టిన ఫలితాలు ఏమైనట్టు? దొరకని నంబరుకు ఎక్కించినవి ఎక్కడికి పోయాయి?

నేరుగా ఆదేశాలిచ్చే కమాండ్ విండో తెరిచి 612ని వెతకమన్నాను. అది 613 దగ్గరికి వెళ్లి నిలబడింది.

సెట్ నియర్ ఆన్ అని ఒక ఆదేశం ఉంది. అడిగింది దొరక్కపోతే దానికి దగ్గర్లో ఉన్నదాన్ని చూపించమని అర్థం. కౌంటర్‌లో సగం పేరు కొట్టినా మనిషి దొరకాలని నేనే దాన్ని ప్రోగ్రాం మొదట్లో పెట్టాను. అది ఒక్క పేర్లకే కాక ప్రోగ్రాం మొత్తానికీ వర్తించింది. ఇరవై ఏడో నంబరు ఇల్లు కనబడకపోతే ఇరవై ఎనిమిదో ఇంట్లో ఉత్తరం పడేసి పోయే పోస్ట్‌మ్యాన్ లాగా, అది 612 ఫలితాలను 613 మీద రాసేసింది. వెతికింది నిజంగా దొరికిందా అని చూసే ఒక్క లైను నేను రాయలేదు. ఫలితాల స్క్రీన్ మీద పేషెంట్ పేరు కూడా పెట్టలేదు, నంబరు చాలనుకున్నాను.

అంటే ఖాళీ రిపోర్టు అసలు ప్రమాదం కాదు. దాన్ని అందరూ చూశారు, మళ్లీ ఎక్కించారు. దాని పక్క నంబరు నిండుగా, సంతకంతో, వేరే మనిషి రక్తంతో బయటికి వెళ్లిపోయింది.

కింద ఎస్టీడీ బూత్ నుంచి మా బాస్‌కి ఫోన్ చేశాను. ఆయన మొత్తం విన్నారు.

"ఇండెక్స్ పాడైంది, బాగుచేశామని చెప్పు. అబద్ధం కాదు కదా. కోడ్ ఇక్కడ మార్చి రేపు వేసేద్దాం. మిగతాది ఎందుకు కదపడం?"

నిజం చెప్పాలంటే ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మెట్లెక్కుతూ ఆ వాక్యాన్నే మనసులో తయారుచేసుకున్నాను. స్వరూప గారు తలెత్తి చూశారు.

"దొరికిందా మేడం?"

"దొరికింది."

"నాదేనా తప్పు?"

"కాదు. నాది."

నిర్ణయం తీసుకుని అన్న మాట కాదది. ఆవిడ అలా అడిగేసరికి ఇంకో మాట నోట్లోకి రాలేదు.

డాక్టర్ గారి గదిలో మొత్తం చెప్పాను. కోప్పడతారనుకున్నాను. ఆయన కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టారు.

"ఎన్ని రిపోర్టులు తప్పు వెళ్లాయి?"

"తెలీదండీ."

"ముందు అది తేల్చు. ఎవరి తప్పన్నది తర్వాత."

తేల్చే దారి ఒక్కటే, స్వరూప గారి రిజిస్టర్. ఆవిడ చేతిరాతలోంచి చదువుతుంటే నేను స్క్రీన్ మీద పోల్చాను. ఎర్ర సున్నా చుట్టిన ప్రతి నంబరుకూ తర్వాతి నంబరు చూశాం. మధ్యాహ్నం దాటింది, ఇద్దరం అన్నం మాట మరిచాం. చాలావాటిలో పక్క నంబరు ఫలితాలు తర్వాత ఎక్కించడం వల్ల తప్పు దానంతటదే చెరిగిపోయింది. ఆ రోజు 613 ఇంకా ప్రింటే కాలేదు. పక్క నంబరువి ముందే ఎక్కించేసి ఉండడంతో, బయటికి వెళ్లినవాటిలో నాలుగు తప్పులు మాత్రం నిలబడ్డాయి. వాటిలో మూడు పెద్ద ప్రమాదం లేనివని డాక్టర్ గారు చూసి చెప్పారు, ఆ మనుషులు తర్వాత మళ్లీ పరీక్ష చేయించుకున్నారు కూడా.

నాలుగోది చదువుతూ స్వరూప గారు ఆగిపోయారు.

"నేను ఓ నెగెటివ్ రాసిన. మీ దాంట్ల ఏమున్నది?"

"బి పాజిటివ్."

చిలకలగూడ అమ్మాయి, పేరు రేణుక. పరీక్ష చేసింది ఏప్రిల్ మొదట్లో, అప్పటికి ఆమెకు ఆరు నెలలు నిండాయి. డాక్టర్ గారు వేళ్ల మీద నెలలు లెక్కపెట్టి లేచి నిలబడ్డారు. తల్లిది నెగెటివ్, బిడ్డది పాజిటివ్ అయితే కాన్పయిన మూడు రోజుల్లోపు తల్లికి ఒక ఇంజెక్షన్ పడాలి, పడకపోతే తర్వాత పుట్టబోయే బిడ్డకు ముప్పు అని ఆయన మాకు వివరించారు. "ఆస్పత్రిలో మళ్లీ పరీక్ష చేస్తే దొరుకుతుంది. మన కాగితం చూసి చేయకపోతే? మీరిద్దరూ వెళ్లండి. భయపెట్టొద్దు. తీసుకురండి."

ఫోన్ నంబరు లేదు, అడ్రసులో వీధి పేరు ఒక్కటే ఉంది. ఇద్దరం ఆటోలో వెళ్లి, ఇస్త్రీ బండి దగ్గరా పాలబూత్ దగ్గరా అడుగుతూ ఆ ఇల్లు పట్టుకున్నాం. అత్తగారు గడపలోనే ఆపేసింది.

"ల్యాబోళ్లా? ఎప్పుడో అయిపాయె పరీక్ష. ఇప్పుడేంది మల్ల?"

రేణుక వెనకనుంచి నడుం పట్టుకుని వచ్చింది. ఇరవై దాటి ఉండవు. "నాకేమన్న రోగమా అక్కా?" అని స్వరూప గారినే అడిగింది.

"రోగం గీగం ఏం లేదు తల్లీ," అన్నారు స్వరూప గారు. "కాయితం మీద రక్తం గ్రూపు తప్పు పడ్డది. జెర వచ్చి ఇంకొక్కసారి ఇచ్చిపో."

"ఎవలు తప్పేసిన్రు?" అంది అత్తగారు.

స్వరూప గారు నా వైపు చూడలేదు. చూసి ఉంటే బహుశా జవాబు ఆవిడకే వదిలేసేదాన్నేమో. "నేనేనండీ. కంప్యూటర్లో నేను చేసిన తప్పు," అన్నాను. అత్తగారు నన్ను పైనుంచి కిందికి ఓసారి చూసి, చెప్పులేసుకుని కోడలి చెయ్యి పట్టుకుంది. "నడువుండ్రి, మంచిపని చేసిన్రు చెప్పి."

మళ్లీ పరీక్ష చేస్తే ఓ నెగెటివే. డాక్టర్ గారు తన చేత్తో ఉత్తరం రాసి, కొత్త రిపోర్టు జతచేసి, ఆస్పత్రిలో డాక్టరమ్మకు స్వయంగా ఫోన్ చేసి చెప్పారు. పదకొండో రోజు రేణుక భర్త ల్యాబ్‌కి వచ్చాడు. ఆడపిల్ల పుట్టింది. పిల్లది పాజిటివ్. పుట్టిన రోజే తల్లికి ఇంజెక్షన్ పడింది.

మా బాస్ నాతో వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఆ ల్యాబ్ మమ్మల్ని వదిలేస్తుందని ఆయన భయం. వదల్లేదు. డాక్టర్ గారు కొత్తమ్మాయి మాట మానుకుని, స్వరూప గారిని కూర్చోబెట్టి, అందరి ముందూ "నేను నిన్ను అడగాల్సింది, అడగలేదు" అన్నారు. ఆవిడ "అయిపోయింది లెండి సార్" అన్నారు. నేను నా పాత కాల్ షీట్లు మూడూ తెప్పించి, యూజర్ ఎర్రర్ కొట్టేసి, కింద ప్రోగ్రాం లోపం అని రాసి సంతకం పెట్టాను. ఆవిడ దగ్గరికి తీసుకెళ్తే చదివి తిరిగిచ్చారు.

"రెండు నెలలు నాకు నిద్ర లేదు మేడం. నిజంగనే మరిచిపోతున్ననా అని ఇంట్ల పొయ్యి ఆర్పిన్నో లేదో నాలుగుసార్లు లేచి చూసిన. దానికి మీ కాయితంల జాగ లేదు గదా."

క్షమించానని అనలేదు. అనాలని నేనూ ఆశించలేదు.

ప్రోగ్రాం మార్చాను. నంబరు దొరక్కపోతే పెద్ద అక్షరాలతో మెసేజ్ చూపించి అక్కడే ఆగిపోతుంది. దొరికితే ముందు పేషెంట్ పేరు చూపించి, అవునంటేనే కదులుతుంది. నెల తిరక్కుండా డాక్టర్ గారి నుంచి ఫోన్. "ఏమ్మా, ఇప్పుడు ఊరికే ఆగిపోతోంది. ఇదివరకు ఇలా ఆగేది కాదు."

ఆ రోజుల్లో మాకు మెప్పు తెచ్చే మాట ఒక్కటే, ఆగకుండా నడుస్తుంది అని. ఆగిపోయే ప్రోగ్రాంని ఎవరైనా తిడతారు, కానీ కనీసం అది ఏదో జరిగిందని చెబుతుంది. దొరకనిదాన్ని దొరికినట్టు నటిస్తూ సాఫీగా నడిచిపోయేదాన్ని ఎవరూ తిట్టరు. ఆ సాఫీతనం కోసమే నేను ఆ ఒక్క లైను రాయకుండా వదిలేశానని అప్పటికి నాకు తెలిసొచ్చింది. కానీ అదంతా ఫోన్‌లో ఎలా చెప్పాలో తెలియక తడబడుతుంటే, అవతల స్వరూప గారి గొంతు వినిపించింది.

"ఆగితే ఆగనియ్యుండ్రి సార్. ఆగిందంటే నేను లేచి పోయి చూస్త."