బుగులమ్మను పిలిచే నోరు

రైల్వే బోర్డు మీద మహబూబాబాద్ అని ఉంటుంది గానీ జనం నోట్లో మాత్రం మానుకోటే. ఊరికి రెండు పేర్లుంటే ఎవరికీ ఇబ్బంది లేదు, ఎవరికి నచ్చింది వాళ్లు పిలుచుకుంటారు. మనిషికి రెండు పేర్లుంటేనే వస్తుంది తంటా. అందులో ఒక పేరుతో పిలిచేవాళ్లంతా ఒక్కొక్కరే వెళ్లిపోతే, ఆ మనిషిలో సగం ఏమైపోయిందని అడిగే దిక్కు కూడా ఉండదు.

మానుకోట మార్కెట్ యార్డులో మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్లలో సరోజక్క ఎవరంటే చిన్నపిల్లలు కూడా చూపిస్తారు. ముక్కుకు కొంగు చుట్టుకుని కూర్చున్నా ఆమె నోరు ఊరుకోదు. ఘాటుకు తుమ్ములొచ్చి మాట ఆగిపోతే, తుమ్మడం అయ్యాక మళ్లీ అక్కడి నుంచే అందుకుంటుంది. ఆధార్‌లో సరోజ, రేషన్ కార్డులో సరోజ. పుట్టినప్పుడు పెట్టిన పేరు మాత్రం బుగులమ్మ.

ఆ పేరు మీరు విని ఉండరు. జనగామ వైపు చిల్పూర్ గుట్ట మీద వెలసిన స్వామిని బుగులు వెంకటేశ్వరస్వామి అంటారు. బుగులంటే భయం, మనసును లోలోపల తొలిచే దిగులు. అంతటి స్వామి కూడా ఒకప్పుడు ఆ గుట్ట మీద దిగులుపడుతూ కూర్చున్నాడని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. గుట్ట కింది పల్లెలో సరోజక్క తల్లికి పెద్దకొడుకు మొగిలి తర్వాత ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోయారు. మళ్లీ కడుపు పండితే సంతోషానికి బదులు వణుకు పట్టుకుంది. నిండు నెలలతో గుట్టెక్కి, "అయ్యా, నా బుగులు నీ కాళ్లకాడ ఇడిసిపోతున్న. పుట్టినదానికి నీ పేరు పెట్టుకుంట, బతికియ్యి" అని మొక్కింది. పిల్ల బతికింది. మగపిల్లాడైతే వెంకటేశ్వర్లు అని సరిపెట్టుకునేవాళ్లే. ఆడపిల్లయ్యేసరికి ఆ తల్లి బుగులమ్మ అనే పెట్టి మొక్కు తీర్చుకుంది.

బళ్లో హాజరు పిలుస్తూ పంతులు నవ్వేవాడు, పిల్లలు వెంటపడి ఏడిపించేవాళ్లు. ఏడ్చుకుంటూ ఇంటికొస్తే తల్లి దగ్గరికి తీసుకుని, "నా బుగులు దించినదానివే నువ్వు. నవ్వెటోళ్లకేం ఎరుక" అనేది. అప్పటి నుంచి ఆ పేరంటే పిల్లకు గర్వమే.

పెళ్లై లచ్చయ్య ఇంటికి వచ్చిన రోజు గడపలోనే ఆ పేరు పోయింది. అత్త హారతి పళ్లెం పట్టుకుని నిలబడి, "బుగులమ్మేంది? బుగులును పిలిచి ఇంట్ల పెట్టుకుంటమా? నా కోడలు పేరు సరోజ" అంది. సరోజ ఆమె కన్నకూతురు, లచ్చయ్యకు చెల్లెలు. పెళ్లీడు రాకముందే జ్వరమొచ్చి పోయింది. "కోడలికి బిడ్డ పేరు పెడ్తరా, తప్పు గదనే" అని పెళ్లికొచ్చిన ముసలమ్మలు గొణిగినా ఆమె వినలేదు. అత్తా ఒకింటి కోడలే అంటారు. ఆ పూట మాత్రం ఆమె అత్తా కాదు, కోడలూ కాదు, బిడ్డను పోగొట్టుకున్న తల్లి. సరోజా అని పిలవడానికి ఆ నోటికొక సాకు కావాలి, అంతే. ఇంట్లో ఉన్న కోడలిని పిలుస్తూ వాకిలి వైపు చూసేది. అది చూశాక బుగులమ్మకు కోపం తెచ్చుకోవడం చేతకాలేదు. పోయిన పిల్లకు బదులు తనే పలికింది, బతుకంతా పలికింది.

లచ్చయ్య మాత్రం ఆమెను ఏ పేరుతోనూ పిలవలేదు. మొదట్లో "ఇగో" అనేవాడు, కొడుకు పుట్టాక వాడి తల్లిగా "రాజు అవ్వా" అన్నాడు. ఆ కాలపు మగాళ్లంతా అంతే కదా అని ఆమె పట్టించుకోలేదు.

మొగిలికి భూపాలపల్లిలో బొగ్గుబావి పని. మొదటిసారి చెల్లెలింటికొచ్చి వాకిట్లోంచే "బుగులమ్మా" అని కేకేస్తే అత్త ఎదురొచ్చింది. "మా ఇంట్ల గా పేరు పిలువకు నాయినా" అని బతిమాలినట్టే చెప్పింది. ఆ తర్వాత అన్న బస్సూ రైలూ మారి వచ్చే రోజు బుగులమ్మే స్టేషన్‌కు పోయేది. రైలు ఇంకా ఆగకముందే మొగిలి తలుపు దగ్గర నిలబడి గట్టిగా పిలిచేవాడు. ఇదేం పేరని జనం తిరిగి చూసేవాళ్లు. చూడనీ! అన్న సంచి మోయడానికి పోతున్నానని ఇంట్లో చెప్పేది గానీ, ఆమె పోయేది ఆ పిలుపు కోసమే.

తల్లి పోయింది, అత్త పోయింది. పోయినేడు మొగిలీ పోయాడు. భూపాలపల్లిలో అన్న శవం పక్కన కూర్చుంటే అక్కడి ఆడవాళ్లు కూడా "మొగిలి చెల్లె సరోజ" అనే చెప్పుకున్నారు. ఆమె గుండెలు బాదుకుని ఏడ్చింది. అన్న కోసమే ఏడ్చింది. అబద్ధమెందుకు, తన పేరు కోసం కూడా ఏడ్చింది. ఇక ఆ పేరు పిలిచే నోరు భూమ్మీద లేదు. ఎవరైనా ఒక్కసారి పిలిస్తే చాలునని అప్పటి నుంచి ఆమెకు ఒకటే ఆశ. ఎవరిని అడుగుతుంది? కొడుకు తల్లిని పేరు పెట్టి పిలవడు. కోడలు అత్తను పేరు పెట్టి పిలవకూడదు. మిర్చి కుప్ప ముందు లొడలొడా మాట్లాడే మనిషి ఈ ఒక్క మాట మాత్రం మింగేసుకుని తిరిగింది.

ఈ ఏడాది రాజుకు ఆడపిల్ల పుట్టింది. కోడలు శ్రీలతకు తల్లి లేదు, అందుకని పురుడు అత్తగారింట్లోనే పోశారు. పిల్లను తొట్టెలో వేసి పేరు పెట్టే రోజు దగ్గరపడుతున్నా పేరు కుదరలేదు. ఎవరికీ లేని పేరు కావాలని శ్రీలత పట్టు. పిల్లను ఒళ్లో వేసుకుని ఫోన్‌లో వెతికేది. ఒక్కో పేరు కింద దాని అర్థమేమిటో, ఎక్కడిదో, ఎంతమంది పెట్టుకున్నారో రాసి ఉంటుంది. లోకమంతా వెతికే చోట వెతికితే లోకమంతా పెట్టుకున్న పేరే కదా దొరికేది!

చివరికి విసుగొచ్చి ఫోన్ పక్కన పడేసింది. "అత్తమ్మా, ఇవేవీ వద్దు. అమ్మ లేని నన్ను అమ్మ లెక్క చూసుకున్నవ్. పిల్లకు నీ పేరే పెడ్త. సరోజ" అంది.

పిల్ల బట్టలు మడతపెడుతున్న బుగులమ్మ చేతులు ఆగిపోయాయి.

"గది నా పేరు గాదు బిడ్డా."

చెప్పొద్దు చెప్పొద్దు అనుకుంటూనే, గుట్ట మొక్కు నుంచి మొగిలి చావు దాకా అంతా చెప్పేసింది. శ్రీలత గబుక్కున ఫోన్ అందుకుని ఆ పేరు కొట్టి చూసింది. "ఫోన్ల లేదత్తమ్మా" అంది దిగాలుగా.

"ఏడుంటది? నేను చెప్త ఇను. అర్థమేందంటే బుగులు. ఎక్కడిదంటే చిల్పూర్ గుట్టది. ఎంతమందంటే నేనొక్కదాన్నే." నవ్వబోయి, మడత పెట్టిన బట్టనే మళ్లీ విప్పింది. "అన్న పోయినకాంచి మస్తు యాదికొస్తుంది బిడ్డా. ఒక్కసారి ఎవలన్న పిలిస్తె ఇనాలని ఉన్నది."

"కోడలిని, నేనెట్ల పిలుస్త? పిల్లకు గా పేరే పెడ్త అత్తమ్మా. అప్పుడు ఇంట్ల అందరు పిలుస్తరు."

ఆ క్షణాన బుగులమ్మ ఎంత ఆశపడిందో! పొద్దున లేస్తే ఇంట్లో తన పేరే వినిపిస్తుంది. ఊ అనబోతూ పిల్ల వైపు చూసింది. అది నిద్రలో పెదాలు చప్పరిస్తోంది.

"వద్దు. మా అవ్వ బుగులును గుట్ట మీద ఇడిసొచ్చింది. దాన్ని తెచ్చి పసిదాని నెత్తిన పెడ్తమా? సరోజ అనే పెట్టు. గా పేరు గీ ఇంటి ఆడపిల్లది. ఇన్నేండ్లు నా దగ్గర దాచిన్రు, గంతే. ఇంటి పిల్ల పేరు ఇంటి పిల్లకే ఇయ్యాలె" అంది.

అరుగు మీద కూర్చున్న లచ్చయ్యకు అంతా వినబడింది. చెప్పులేసుకుని బయటికి పోయాడు.

తొట్టెల నాడు ఇల్లు చుట్టాలతో నిండిపోయింది. పెద్దలు ఒక్కొక్కరూ వంగి పిల్ల చెవిలో పేరు పిలుస్తున్నారు. లచ్చయ్య వంతు వచ్చింది. వంగాడు గానీ పెదాలు కదిలాయే తప్ప మాట రాలేదు. "అనవేంది తాతా" అని ఎవరో నవ్వారు. "సరోజా" అన్నాడు. అనడమే ఆలస్యం, తొట్టె తాడు పట్టుకుని చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు. చెల్లెలిని మట్టిలో పెట్టిన నాటి నుంచి ఆ పేరు అతని నోట రాలేదు.

బుగులమ్మ అతన్ని పెరట్లోకి తీసుకుపోయి మంచినీళ్లిచ్చింది.

"నీకు చెల్లె పేరు పెట్టె మా అవ్వ" అన్నాడు తలొంచుకుని. "పెండ్లాన్ని చెల్లె పేరుతోని ఎట్ల పిలుస్తరు? నీ అసలు పేరు పిలిస్తే అవ్వ ఏడుస్తదాయె. ఇగ నిన్ను పిలువనీకె నాకు పేరే లేకపాయె."

ఆమె ఖాళీ చెంబు అందుకుంది. అతను పేరు పిలవకపోవడం ఇన్నాళ్లూ మగాడి బిగువు అనుకుంది. తను ఏ పేరు కోసం మొహం వాచిందో, ఆ పేరు ఇతని గొంతులోనే ఇరుక్కుని ఉందా! కోపమూ వచ్చింది, జాలీ వచ్చింది.

"మరి అత్త పోయినంకనన్న పిలువచ్చు గద?"

"సిగ్గాయె" అన్నాడు లచ్చయ్య.

సాయంత్రానికి చుట్టాలు వెళ్లిపోయారు. బుగులమ్మ పెరట్లో నల్లా దగ్గర కూర్చుని గిన్నెలు తోముతోంది. లోపల శ్రీలత పిల్లను ఊపుతూ "సరోజా, ఓ సరోజా" అని ముద్దుచేస్తోంది. అలవాటు కొద్దీ లేవబోయి, ఆ పిలుపు తనది కాదని గుర్తొచ్చి మళ్లీ కూర్చుంది. ఇక ఈ ఇంట్లో తనను ఏమని పిలుస్తారో ఆమెకే తెలియలేదు.

"బుగులమ్మా."

వెనక గుమ్మంలో లచ్చయ్య. పక్కింటికి కూడా వినబడనంత మెల్లగా, అలవాటు లేని నోటితో పిలిచాడు. ఆమెకు స్పష్టంగానే వినబడింది. కళ్లలో నీళ్లు నిండాయి. అయినా తల తిప్పలేదు, వినబడనట్టే గిన్నె తోముతూ కూర్చుంది. ఇంకొక్కసారి పిలవనీ అనుకుంది.