నల్లబల్ల పసరు

పొద్దున కోడలు తలనూనెకని గుంటగలగరాకు దంచుతోంది. ఆ పసరు వాసన తగలగానే నా వేళ్లు నల్లబడినట్టే అనిపించింది.

రాజురా బడిలో ప్రతి శనివారం ఆ పసరులో బొగ్గుపొడి కలిపి నల్లబల్లకు రుద్దేవాళ్లం. తెలుగు సారు పక్కనే నిలబడి, "మొఖాలకు రుద్దుకుంటున్రేందిరా! గట్లయితే సోమవారం పాఠం మీ మీదనే రాస్త" అనేవారు. బడంతా నవ్వేది.

తరవాత మా తాలూకాను హైదరాబాదు రాష్ట్రం నుంచి తీసి బొంబాయి రాష్ట్రంలో కలిపారు. బడి మరాఠీ అయింది. సారు కూడా మరాఠీ నేర్చుకుని మాకే పాఠాలు చెప్పారు. శనివారాలు మాత్రం నల్లబల్ల పక్కన ఉలుకూ పలుకూ లేకుండా నిలబడేవారు. మేమేదో తప్పు చేశామనుకున్నాను.

"సార్, మా మీద కోపమొచ్చిందా?" అని ఒకనాడు భయపడుతూనే అడిగాను.

ఆయన తలుపు వైపు ఒకసారి చూసి, తెలుగులో మెల్లగా అన్నారు: "కోపమెందుకు బిడ్డా. మరాఠీల పాఠం చెప్పుడొచ్చింది. నవ్విచ్చుడే ఇంక రాలె."

నేను ఆ బడి వదిలేదాకా ఆయనకది రాలేదు.

ఇవాళ పొద్దున ఇంట్లో అందరూ మరాఠీలో కబుర్లాడుకుంటుంటే, నేను పసరు వాసన చూస్తూ కూర్చుండిపోయాను. మనవరాలు వచ్చి మోకాలు తట్టింది.

"ఆజోబా, రాగావలాత్ కా?"

తాతా, కోపమొచ్చిందా అని.

దానికి జవాబు సారు నాకెప్పుడో చెప్పారు. అది తెలుగులో ఉంది.